అమ్మ యాడ, నీళ్ళకాడ

పిల్లను చూసుకునే ఇల్లు వెతకాలంటే అందరూ పొద్దున పోతారు. ఊడ్చి ముగ్గేసి, పిల్లలకు పౌడరు పూసి వరసగా కూర్చోబెట్టిన ఇల్లు ఎవరికి నచ్చదు? మా పేచ్చియక్క మాత్రం సాయంత్రం పోదామంది. అదీ పటాసు కంపెనీ వాన్ తిరిగొచ్చే వేళకు. ఆ గడియలో ఇల్లు ఎలా ఉంటుందో అదే ఆ ఇంటి అసలు రంగు అని ఆమె లెక్క. మధ్యాహ్నం దాకా బడి పిల్లలకు సాంబారన్నం వండి, గంగాళాలు తోమి వచ్చిన ఒళ్ళు నాది. అయినా ఆమె వెంట సాత్తూరు వీధులు తిరిగాను. తిరుగుతూ తిట్టాను కూడా. నా పేరు కార్తీశ్వరి. నాకు నోరెక్కువని మా కాలనీలో ఎవరినడిగినా చెబుతారు, నేనే చెప్పేస్తే ఒక పని తప్పుతుంది.

పేచ్చియమ్మాళ్ మా పెద్దమ్మ కూతురు. పక్కపక్క ఇళ్ళే. మా వీధిలో ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆడవాళ్ళలో సగంమంది శివకాశి వైపు పటాసు కంపెనీలకు పోతారు. పొద్దున్నే వాన్ వచ్చి హారన్ కొడుతుంది, పొద్దుగుంకే ముందు తెచ్చి దింపుతుంది. వాన్ ఆగేది సరిగ్గా అక్క ఇంటి ముందు. అందుకే కోడలు రాకముందు నుంచీ, కొడుకు మురుగన్ చిన్నవాడుగా ఉన్నప్పటి నుంచీ, ఆ ఆడవాళ్ళ పిల్లలందరూ అక్క దగ్గరే పెరిగారు. రెండు గదుల ఇల్లు. చూరుకు మూడు ఉయ్యాలలు. ఆమె ఎడమ చంక ఎప్పుడూ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. ఒక పిల్ల దిగితే ఇంకో పిల్ల ఎక్కేది. చంకలో పిల్లతోనే ఊడ్చేది, పిల్లతోనే రాగిజావ కలిపేది, నాతో పోట్లాడినా పిల్ల చంకలోనే.

ఆమె ఇంటిని తల్లులు ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. వాన్ దిగిన ఆడదాని చేతులు మోచేతుల దాకా వెండిరంగులో ఉంటాయి. జుట్టులో, చెవి వెనక, గోళ్ళ సందుల్లో మందుపొడి. ఆ ఒంటితో బిడ్డను తాకకూడదు. తల మీద నీళ్ళు పోసుకుని, చీర మార్చుకుని, అప్పుడే ఎత్తుకోవాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన కట్టుబాటు కాదు, కానీ మా దగ్గర తప్పిన తల్లి లేదు. అక్క పెరట్లో తాటాకు తడికలు కట్టిన స్నానాల చాటు ఉండేది. దాని పక్కన నల్ల డ్రమ్ము. పొద్దుటి నుంచీ ఎండకు కాగి సాయంత్రానికి నీళ్ళు వెచ్చగా ఉండేవి. తీగ మీద ఎవరి మార్పు చీర వాళ్ళది.

మరి ఆ కాసేపు పిల్లల సంగతి? అమ్మ కళ్ళ ముందు ఉండి ఎత్తుకోకపోతే ఏ బిడ్డ ఊరుకుంటుంది? అందుకని వీధి మొగలో హారన్ వినపడగానే అక్క పిల్లలందరినీ పోగేసుకుని, వాన్‌కు వీపు తిప్పి, వెనక సందులోకి తీసుకుపోయేది. అక్కడ గట్టు మీద మేకలు కట్టేసి ఉంటాయి. పోతూ పోతూ ఆమె అడిగేది, పిల్లలు పలికేవాళ్ళు. అమ్మ యాడ? నీళ్ళకాడ. నీళ్ళు యాడ? తొట్టికాడ. తొట్టి యాడ? గోడకాడ. గోడ యాడ? మేకకాడ. అక్కడికి రాగానే పిల్లలందరూ కలిసి మేకల్లాగా మేమే అని అరిచేవాళ్ళు. ఆ అరుపు అయ్యేసరికి తల్లులు తడి జుట్టుతో సందు మొదట్లో నిలబడి ఉండేవాళ్ళు. ఆ పాట ఆమె సొంతం. ఎవరూ నేర్పింది కాదు.

"చూసినాక అందకపోతే ఏడుపు ఎక్కువ. చూడనే లేదంటే ఆట మీద ఉంటారు," అనేది.

ఆఖరికి సొంత మనవరాలు పుట్టింది. పేరు యాళిని. ఇంతమంది పిల్లలను మోసిన చంకకు ఇప్పుడు సొంత పిల్ల దొరికిందని అక్క గర్వం అంతా ఇంతా కాదు. నేను ఎత్తుకోబోతే కూడా వంట చేతులతో తాకొద్దని వంక పెట్టేది. నా చేతులకేం పొడి ఉందట!

ఆడి నెలలో, అంటే ఆషాఢంలో, ఒక పొద్దున అక్క పడిపోయింది. చంకలో పిల్ల, చేతిలో గరిటె. కాన్పుకు కంపెనీ పని ఆపిన కోడలు మారిసెల్వి పెరట్లో బట్టలు ఉతుకుతోంది. చప్పుడు విని పరిగెత్తుకొచ్చేసరికి అక్క వెల్లకిలా పడి ఉంది, కళ్ళు పైకి తిరిగి, కాళ్ళు చేతులు కొట్టుకుంటున్నాయి. మరిగే జావ గిన్నె అటు పక్కకు ఒరిగింది. పిల్లకు గీత కూడా పడలేదు. అవ్వ పొట్ట మీదే కూర్చుని ఆమె చెవి కమ్మతో ఆడుకుంటోంది. ఇటు పక్కకు ఒరిగి ఉంటే అన్న మాట ఆ రోజు మా ఇంట్లో ఎవరమూ పైకి అనలేదు.

విరుదునగర్ ఆసుపత్రిలో ఫిట్స్ అన్నారు. మాత్రలిచ్చారు. పొయ్యి దగ్గరకు ఒంటరిగా పోవద్దు, పిల్లలతో ఒంటరిగా ఉండొద్దు, నిలబడి పిల్లను ఎత్తుకోవద్దు అన్నారు. కావాలంటే నేల మీద కూర్చుని, పక్కన మనిషిని పెట్టుకుని, ఒళ్ళో పెట్టుకోవచ్చట. తర్వాత రెండుసార్లు వచ్చింది. మిగతా తల్లులు ఒక్కొక్కరే వచ్చి, తల దించుకుని, తమ పిల్లల బట్టలు, గిన్నెలు తీసుకుపోయారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. మారిసెల్వి కూడా అనలేదు. అంటే బాగుండేదని అక్క నాతో చాలాసార్లు చెప్పింది. ఉయ్యాలలు చూరు నుంచి విప్పేశారు. స్నానాల తడికలు గాలికి పడిపోతే ఎవరూ మళ్ళీ కట్టలేదు.

యాళిని మాత్రం ఆమెను వదలలేదు. పాకుతూ వచ్చి ఆమె కాళ్ళను పట్టుకుని నిలబడి, రెండు చేతులూ పైకెత్తేది. ఎత్తుకోమని. అక్క అక్కడే గభాలున నేల మీద కూర్చునేది. పిల్లకు అది చాలదు. పిల్లలకు చంక కావాలి, చంకలో నుంచి లోకం కావాలి. ఏడిచేది. నిలబడలేక, వినలేక అక్క ముఖం గోడ వైపు తిప్పుకునేది. అది చూస్తూ కూడా, నా నోరు మంచిది కాదు కదా, "ఏడవనీ, ఊపిరితిత్తులు గట్టిపడతాయి" అనేదాన్ని.

ఏడు నెలలు తిరిగి మాసి నెల వచ్చింది. మారిసెల్వి సోమవారం వాన్ ఎక్కకపోతే ఆమె చోటులోకి ఇంకొకరిని పెట్టుకుంటామని కంపెనీ నుంచి మాట వచ్చింది. మురుగన్ తెల్లవారకముందే తిరుత్తంగల్‌లో అచ్చాఫీసుకు పోతాడు. మారిసెల్వి తల్లి కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల పనికి పోతుంది. బాల్వాడిలో ఇంత చిన్న పిల్లను చేర్చుకోరు. నాది బడి పని. ఇక ఎవరింట్లోనో ఉంచాల్సిందే. ఆ రాత్రి అన్నం తింటూ మారిసెల్వి తల ఎత్తకుండా అంది.

"నాకు ఇండ్లు చూసే తెలివి లేదు అత్తా. మీరు చూసి సరి అన్న ఇంటికే పంపుతాను. మీరు వొద్దంటే పనే వొద్దు."

అక్క ముద్ద నోట్లో పెట్టుకోలేదు. తను చేయాల్సిన పని ఇంకొకరికి అప్పగించే బాధ్యత కూడా తన మీదే పడింది.

మొదటి ఇల్లు బస్టాండు పక్కన. గోడల నిండా కుందేళ్ళు, ఏబీసీడీలు. పిల్లలు నీటుగా చాపల మీద కూర్చుని ఉన్నారు. ఆ ఆడమనిషి మాటలు కూడా నీటుగా ఉన్నాయి. నాకు నచ్చింది. వాన్ వచ్చింది. ఒక తల్లి స్నానం చేసి వచ్చి గేటు దగ్గర నిలబడి బిడ్డను పేరు పెట్టి పిలిచింది. మళ్ళీ పిలిచింది. ఆ బిడ్డ ఫోన్‌లో బొమ్మల మీద నుంచి తల తిప్పలేదు. తల్లి లోపలికొచ్చి ఎత్తుకుంటే ఫోన్ కోసం ఏడిచింది. అక్క లేచి కొంగు దులుపుకుంది. అమ్మ వచ్చినా ఎదురుచూడని ఇల్లు వద్దంది.

రెండో ఇల్లు సుబ్బమ్మాళ్‌ది. మా మాటే, మా వైపు మనిషే. ఇల్లు దగ్గర. పెరడు ఉంది, నీళ్ళున్నాయి, స్నానానికి గట్టి గోడల గది ఉంది. ఇక ఇదే అనుకున్నాను. హారన్ వినపడగానే ఆమె పిల్లలందరినీ గడపలోకి తెచ్చి, వరసగా నిలబెట్టి, అదో మీ అమ్మ, అదో మీ అమ్మ అని చూపించడం మొదలుపెట్టింది. ప్రేమతోనే. పిల్లలు ఒక్క ఉరుకున పరిగెత్తారు. తల్లులు వెండి చేతులు పైకెత్తి వెనక్కి వెనక్కి పోయారు. ఒక తల్లి అయితే వాన్ చక్రానికి ఆనుకుని నిలబడిపోయింది. పిల్లల ఏడుపుతో వీధి అదిరింది. అక్క ఒక్క క్షణం కూడా ఆగకుండా బయటికి నడిచింది.

దారిలో నాకు ఒళ్ళు మండిపోయింది. వీధి అని కూడా చూడకుండా అరిచాను. అది వంక కాదా? ఆ ఏడుపు ఎంతసేపని? తెల్లారితే శనివారం, సోమవారం వాన్, ఇంకెన్ని ఇళ్ళు తిప్పుతావు? ప్రతి ఇంటికీ ఒక లోటు వెతికి, ఆఖరికి పిల్లను నీ దగ్గరే ఉంచుకోవాలని నీ ఎత్తు కాదా? రోడ్డు మీద కారం సేవు పొట్లాలు అమ్మేవాడు కూడా తిరిగి చూశాడు.

అక్క ఆగింది. నా మీద కోప్పడుతుందనుకున్నాను.

"అవును కార్తీ. నాకు ఎవురికీ ఇయ్యాలని లేదు. నిదరలో గూడా ఈ పక్కన బరువు లేదని లేసి కూకుంటాను. అయినా నేను వంక పెట్టలే. ఆ పిల్లోళ్ళ ఏడుపు నువ్వు ఇనలేదా?"

చెయ్యి ఎడమ నడుము మీద పెట్టుకుని అంది. సేవు ఒక పొట్లం కొని ఆమె చేతిలో పెట్టాను. తినలేదు, ఇంటికి తెచ్చి మారిసెల్వికి ఇచ్చింది.

మూడో ఇల్లు మా వీధి వెనకే. ఒక అద్దె గది. యువరాణి అని చిన్న వయసు అమ్మాయి, తమిళ వాళ్ళు, తిరుత్తంగల్ నుంచి ఇక్కడికి కోడలిగా వచ్చింది. తన చంటివాడితో పాటు ఇంకో ఇద్దరిని చూసుకుంటోంది. గోడలకు సున్నం లేదు. ఆటబొమ్మలు అంటే రెండు గిన్నెలు, ఒక ఖాళీ డబ్బా. పిల్లల్లో ఒకడి ముక్కు కారుతోంది, ఆమె మాట్లాడుతూనే చీర చెంగుతో తుడిచింది. మాకు టీ కూడా ఇవ్వలేదు, పొయ్యి వెలిగిస్తే పిల్లలు అటు పోతారంది. నేను మనసులో ఈ ఇంటిని కొట్టేశాను. అక్క గోడకు ఆనుకుని కూర్చుని చూస్తూ ఉంది.

హారన్ మోగింది. యువరాణి మాట మధ్యలో ఆపేసింది. ఒకడిని చంకన వేసుకుని, ఇద్దరిని చేతులు పట్టుకుని, వాన్‌కు వీపు తిప్పి, వెనక సందులోకి నడిచింది. నడుస్తూ అడిగింది, "అమ్మ యాడ?" పిల్లలు పలికారు, "నీళ్ళకాడ." అచ్చం తెలుగులో. తొట్టి, గోడ, మేక అన్నీ వచ్చాయి. గట్టు దగ్గరికి చేరేసరికి ముగ్గురూ మేమే అని అరిచారు.

యువరాణి తిరిగొచ్చాక అడిగాను, ఆ మాటలేమిటని. ఆమె నవ్వింది. అర్థం తెలీదంది. చిన్నప్పుడు ఈ ఊళ్ళోనే ఉండేవాళ్ళమని, అమ్మ కంపెనీకి పోతే ఎవరో ఒక ఆచ్చి ఇంట్లో, పెద్దామె ఇంట్లో, తనను ఉంచేవాళ్ళని, బడికి పోయే వయసు రాకముందే నాన్న మూక్కన్ అందరినీ తిరుత్తంగల్ తీసుకుపోయాడని చెప్పింది. ఆ ఆచ్చి ముఖం గుర్తులేదు, ఈ పాట మాత్రం ఉండిపోయింది, ఏడిచే పిల్లలకు బాగా పనిచేస్తుంది అంది.

మూక్కన్ కూతురు! కుడి కనుబొమ్మ మీద ఆ గీత, అక్క ఇంటి రోలు అంచు తగిలి పడిందే. నేను చెప్పబోయాను. కొంగు కింద అక్క చెయ్యి నా మణికట్టును పట్టుకుంది. గోళ్ళు దిగాయి. బయటికొచ్చాక అడిగాను, ఎందుకు చెప్పనివ్వలేదని.

"చెప్తే మా పిల్లను నా కోసరం చూస్తాది. పిల్ల కోసరం చూడాల," అంది.

ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఇన్నేళ్ళు ఎంతమందిని మోసింది! బడి బ్యాగు తగిలించుకున్నాక ఆమె వైపు తిరిగి చూసిన పిల్లలు తక్కువ. ఒక్కరికైనా గుర్తుండాలని ఆమెకు ఎంత ఆశో నాకు తెలుసు. గుర్తున్నది దొరికింది, ముఖం లేకుండా. దాన్ని కూడా పిల్ల కోసం మింగేసింది. నాకైతే సాధ్యమయ్యే పని కాదు.

ఒక చిక్కు మిగిలింది. యువరాణిది అద్దె గది, స్నానాల గది ఇంటి ఓనర్‌తో కలిపి. మందుపొడి ఒంటితో కంపెనీ ఆడవాళ్ళను అందులోకి రానివ్వరు. తక్కిన తల్లులు వీధి కొళాయి దగ్గర దుప్పటి అడ్డం పెట్టుకుని పోసుకుంటున్నారట. స్నానం, పిల్ల ఒకే ఇంట్లో ఉండాలనే ఎన్నేళ్ళుగానో అనుకుంటూ వచ్చాం, అలా కాకుండానూ ఉండొచ్చని ఎవరికీ తట్టలేదు. ఆదివారం పొద్దున అక్క నన్ను లేపి, పడిపోయిన తడికలు ఎత్తించింది. నేను, మురుగన్ కట్టాం. నల్ల డ్రమ్ము కడిగి ఎండలో పెట్టాం. నిప్పు అక్కర్లేని పని, డాక్టరు వద్దన్న పనుల్లో లేనిది. మూడు బిందెలు నేను పోశాను, నడుం పట్టేసింది, తిట్టుకున్నాను.

సోమవారం మారిసెల్వి పిల్లను యువరాణికి అప్పగించి వాన్ ఎక్కింది. సాయంత్రం అక్క పెరట్లో మళ్ళీ నీళ్ళ చప్పుడు, ఆడవాళ్ళ మాటలు, తీగ మీద చీరలు. తల్లులు తల తుడుచుకుంటూ సందులోకి పోతే ఆమె ఒక్కతే మిగిలిపోయి, డ్రమ్ము మీద మూత పెట్టేది. పెరట్లో అంతా తడి, చంక పొడి.

చిక్కు ఇంకోటి వచ్చింది. మేకల గట్టుకు పోవాలంటే అక్క ఇంటి పక్కనుంచే దారి. యువరాణి పిల్లలతో పోతూ ఉంటే యాళిని తమ గడపను చూడగానే అవ్వా అని చేతులు చాచేది. అక్క తలుపు వెనక్కి పోయి నిలబడేది. ఊపిరి కూడా మెల్లగా వదిలేది. పక్కనున్న మా ఇంట్లోనుంచి నేను రోజూ చూశాను. ఒక రోజు ఉండబట్టలేక పోయి కడిగేశాను, సొంత మనవరాలికి దొంగలా దాక్కోవడమేమిటని.

"చూసినాక అందకపోతే ఏడుపు ఎక్కువే," అంది.

"పిల్లకా, నీకా?"

"ఇద్దరికీనే."

మరుసటి సాయంత్రం పిల్ల ఆ గడప దగ్గర ఆగిపోయి కదలనంది. యువరాణి మిగతా పిల్లలను నా గుమ్మంలో నా దగ్గర వదిలి, యాళినిని ఎత్తుకుని లోపలికి పోయింది. తలుపు వెనక అక్క దొరికిపోయింది. తిప్పుకుని తీసుకుపొమ్మని తమిళంలో బతిమాలింది. అమ్మల్లాగే తనను కూడా పిల్లకు చూపించొద్దంది. ఆ అమ్మాయి కదల్లేదు. నెమ్మదిగా, మర్యాదగానే అడిగింది.

"అమ్మ అయితే నీళ్ళు పోసుకుని వస్తుంది ఆచ్చీ. అందుకే తిప్పుకుపోతాను. మీరు ఎప్పుడు వస్తారు?"

అక్క గోడకు ఆనుకుని మెల్లగా జారి, నేల మీద కూర్చుంది. యువరాణి పిల్లను ఆమె ఒళ్ళో పెట్టి, తను పక్కనే మోకాలు ఆనించి కూర్చుంది. యాళిని వెంటనే చెవి కమ్మ పట్టుకుంది. ఆ తర్వాత చెంప తడిమింది, మెడ వాసన చూసింది. అక్క కళ్ళు మూసుకుని, పిల్ల తల మీద గడ్డం ఆనించుకుంది. ఇంటి ముందు ఆగిన వాన్ మళ్ళీ హారన్ కొట్టింది. అక్కే మొదలుపెట్టింది. అమ్మ యాడ? నా గుమ్మంలోనుంచి పిల్లలు పలికారు. యువరాణి ఆ గొంతు విని, తిరిగి, ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. కనుబొమ్మ మీది గీతను వేలితో ఒకసారి తడుముకుంది.

మేమే అని అరిచాక యాళిని ఒళ్ళోనుంచి దిగింది. నిలబడి, అవ్వ బొటనవేలు పట్టుకుని లాగింది. గట్టు వైపు చూపించింది. మేకల దగ్గరికి పోవాలి, అదీ అవ్వ చంకలో పోవాలి.

"లే అవ్వా. లే."

అక్క ఎడమ చెయ్యి నడుము మీదికి పోయింది. పిల్ల కూర్చునే చోట చీర కుచ్చును ఒకసారి సర్దుకుంది. పిల్ల మళ్ళీ లాగింది, రెండు చేతులూ పైకెత్తింది. అక్క ఆ రెండు చేతులూ తన చేతుల్లోకి తీసుకుని ముద్దు పెట్టుకుంది. లేవలేదు.